శనివారం భజనలో త్రాష్ మెటల్

ఇంటర్ రెండో ఏడాదిలో నాకొక పిచ్చి పట్టింది. విశాఖలో ఉండే మా మావయ్య కొడుకు సెలవులకు వస్తూ ఒక ఇంగ్లీషు క్యాసెట్ తెచ్చాడు. దీన్ని త్రాష్ మెటల్ అంటారని చెప్పాడు. మొదటి పాటకే నా ఒళ్ళు ఝల్లుమంది. డ్రమ్ములు తరుముకొస్తున్నాయి, గిటార్లు రంపాల్లా కోస్తున్నాయి, ఆ పైన ఒకడు గొంతు చించుకుంటున్నాడు. ఆ పూట నర్సీపట్నం మొత్తంలో నా అంత సంతోషంగా ఎవరూ ఉండి ఉండరు.

ఆ పాట మీద పెద్ద గొడవే జరిగిందట. బావ తెచ్చిన పాత పత్రికలో చదివాను. దేవుణ్ణి తిడుతున్నారని కొందరు, అసలిది సంగీతమే కాదని కొందరు రాశారు. నాకు ఒళ్ళు మండింది. డిక్షనరీ ముందేసుకుని పాటంతా విడదీశాను. యుద్ధంలో కొడుకు పోయిన తల్లి దేవుణ్ణి నిలదీస్తోంది, అంతే. ఆ రాసిన పెద్దమనుషులు పాట చివరిదాకా విన్నారా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

మా నాన్నగారి విమర్శ ఇంకా పొట్టిది. "ఈ రొద ఇంకోపాలి ఇనబడిందంటే టేప్‌రికార్డర్ తీసికెల్లి రావికమతంలో మీ మేనత్తకిచ్చేస్తాను" అన్నారు. అన్నంత పనీ చేసే మనిషి. టేప్‌రికార్డర్ పోతే నాకింక పాటే లేదు.

ఆ వారమే అమ్మ వెంకటేశ్వరస్వామి పాటల జాబితా రాసిచ్చి, రికార్డు చేయించుకురమ్మంది. పనిలో పనిగా బావ క్యాసెట్‌కి కూడా కాపీ తీయమని షాపులో ఇచ్చాను. ఆ షాపాయనకు ఒక పద్ధతి ఉండేది. చివర్లో టేపు ఖాళీగా వదిలితే పాపమన్నట్టు, చేతికి దొరికిన పాటతో నింపేసేవాడు. ఆ సంగతి తెలిసి కూడా నేను విని చూసుకోలేదు.

శనివారం సాయంత్రం మా హాల్లో భజన. చేపలమ్మే అవ్వ కూడా వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. నక్కపల్లి వైపు సముద్రపొడ్డు ఊరు ఆమెది, మా ఊళ్ళో కూతురి దగ్గర ఉండేది. శనివారం మా వీధిలో ఎవరూ చేపలు కొనరు కాబట్టి ఆ రోజు గంపకి సెలవు. అందరూ కళ్ళు మూసుకుని క్యాసెట్‌తో పాటు తాళాలు వేస్తుండగా చివరి స్వామి పాట అయిపోయింది, నా పాట మొదలైంది.

తాళాలు ఆగిపోయాయి. నాన్నగారు లేచొచ్చి స్టాప్ బటన్ మీద వేలు పెట్టారు.

"ఆగండి బాబూ" అంది అవ్వ. నావైపు తిరిగి, "ఆడెందుకే అలా అరుస్తన్నాడు?" అని అడిగింది.

అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. "కొడుకు సచ్చిపోయాడవ్వా. తల్లి దేవుణ్ణి అడగతంది."

అవ్వ టేప్‌రికార్డర్ వైపే చూస్తూ అంది: "నా కొడుకు సముద్రంలో ఏటకెల్లి తిరిగి రాలేదు. ఆ రోజు నానూ ఇలాగే అడిగాను. నా గొంతు సాల్లేదు, అంతే."

నాన్నగారు వేలు తీసేశారు. పాట అయ్యేదాకా నిలబడి, ఆయనే టేపు వెనక్కి తిప్పారు. "ఒక్కో ముక్కా తెలుగులో సెప్పు ఆవిడికి" అన్నారు నాతో.

నేను చెప్పుకుంటూ పోయాను. ప్రతి మాటకీ అవ్వ తలూపి, "అవును" అంది.