పెళ్లి పందిట్లో గూబల జోడు

ఏటూరునాగారం అడవిలో గుడ్లగూబల అరుపులు రికార్డు చేయాలని విశాఖ నుంచి వెళ్లాను. తీరా చూస్తే అడవి అంచునున్న ఊళ్లో పెళ్లి. డీజే మోత తప్ప నా మైకులో మరేమీ వినబడలేదు. మర్నాడే తిరుగు ప్రయాణం. తెగించి పందిట్లోకి వెళ్లి పెళ్లికూతురి నాయనమ్మను బతిమాలాను.

"జరసేపు డీజే బంద్ చెయ్యాల్నా? ఏం పిట్ట కోసం బిడ్డా?"

గుడ్లగూబ అరిస్తే అపశకునమని మా ఇంట్లో అంటారు. పెళ్లివారి ముందు ఆ పేరెత్తడానికి నోరు రాలేదు. అయినా నిజమే చెప్పాను.

ఆమె నవ్వింది. "గూబలా? ఒకటి పిలిస్తె ఇంకోటి పలుకుతది. ఆలుమొగలు గూడ గట్లనే ఉండాలె. పెండ్లికి మంచిదే."

డీజే ఆగింది. పందిరంతా ఊపిరి బిగబట్టింది. కాసేపటికి చెట్లలోంచి ఒక గూబ పిలిచింది. దూరం నుంచి దాని జోడు పలికింది. రెండు గొంతులూ శుభ్రంగా రికార్డయ్యాయి. నేను చెయ్యెత్తి చూపగానే జనం చప్పట్లు కొట్టారు.

"ఇగ మాకు వినిపియ్యవా?" అంది నాయనమ్మ.

డీజే బాక్సుల్లోంచి ఆ జంట పిలుపులు ఊరంతా వినబడ్డాయి. అవి ఆగాక పెళ్లికొడుకు సిగ్గుపడుతూనే గూబలా కూశాడు. పెళ్లికూతురు తలెత్తి, అంతకన్నా గట్టిగా పలికింది.