సూదుల లెక్క

ఆ కుట్టుపనిశాలలో కోట్ల అంచులు చేత్తో కుట్టడంలో ఆమెకు సాటి లేరు. అందుకే అందరికీ సూదక్క. బల్లల వరుసకంతటికీ ఒకటే కత్తెర, అదీ సూపర్‌వైజరు సొరుగులో. అడిగితే, "పళ్లు దేనికున్నాయమ్మా?" అంటాడు. ఏళ్లుగా సూదక్క పళ్లతోనే దారం తెంపింది. ముందుపళ్లకు గాట్లు పడ్డాయి. తిన్నాక నోరు పుక్కిలించబోతే, "ఇదేమన్నా పుట్టిల్లా, తీరిగ్గా?" అని అరుపు.

ఒకరోజు నాలుక తగిలి కింది పన్ను కదిలింది. అమ్మకూ ఇలాగే మొదలైంది. చివరికి పళ్లన్నీ ఊడి, నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకునేది.

"చిగురు వదులవుతోంది. పళ్ల సందుల్లో దూరే సన్న బ్రష్షుతో రోజూ శుభ్రం చెయ్యి," అంది పళ్లడాక్టరమ్మ.

మందుల షాపులో ఆ బ్రష్షులవి రంగురంగుల పొట్లాలు, వాటిమీద నంబర్లు. చేతికుట్టు సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. ఆ లెక్కనే పెద్ద నంబరు తెచ్చుకుంది. విప్పి చూసి నివ్వెరపోయింది. 'సన్నదే ఇంత లావుంటే, మిగతావి సీసాలు కడగడానికేమో!' మందం బట్టలోకి సూదిని నెట్టినట్టు నెట్టింది. సింకంతా నెత్తురు. అద్దంలో అమ్మ మొహమే కనిపించింది.

మర్నాడు ఆ బ్రష్షు పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. నర్సు నోరు చూసి, "ఈ నంబరు ఎవరు చెప్పారక్కా?" అంది.

"సూదుల లెక్క..."

"అయ్యో, ఇక్కడ లెక్క తిరగబడుద్ది! నంబరు పెరిగితే లావు. ఒక్కో సందుకి ఒక్కో సైజు పట్టొచ్చు. తోసి దూర్చకూడదు, దానంతటది జారాలి. మొదట్లో కాస్త నెత్తురొస్తే భయపడి మానెయ్యకు."

"పన్ను పోదుగా తల్లీ?"

నర్సు సందులు కొలిచి సన్న బ్రష్షు చేతిలో పెట్టింది. "నిలబెట్టుకోడానికే కదా ఇదంతా," అంది.

ఆ మాట పట్టుకునే సూదక్క ఇల్లు చేరింది. నర్సు కొలిచిచ్చిన సన్న బ్రష్షు పెట్టింది. జారింది. తీస్తే కొసన ఎర్రటి చుక్క. నాలుకతో తడిమింది. పన్ను ఉంది. రేపు ఉంటుందో లేదో.

పొద్దున బల్ల దగ్గర అలవాటుగా దారం పళ్ల మధ్యకు పోయింది. ఆగింది. లేచి సూపర్‌వైజరు ముందు నిలబడింది.

"కత్తెర ఇవ్వండి."

"పళ్లు దేనికున్నాయమ్మా?"

"నాకోసం ఉన్నాయి సార్. మీ కత్తెర ఖర్చు మిగల్చడానిక్కాదు."

వెనక సూదులన్నీ ఆగిపోయాయి. పని పోవచ్చని ఆమెకు తెలుసు. చాచిన చెయ్యి మాత్రం దించలేదు.