సౌకార్‌పేటలో నీడ మాయమైన పూట

మొన్న ఏప్రిల్‌లో స్టీలు సామాన్లు కొనడానికి వరంగల్ నుంచి చెన్నై వెళ్ళాను. సౌకార్‌పేటలో ఒక దుకాణం ముందు, మిట్టమధ్యాహ్నం ఎండలో, పదేళ్ళ పాప ఒకతె స్టీలు గ్లాసు బోర్లించి దాన్నే చూస్తూ కూర్చుంది. నేను ఆగేసరికి తమిళంలో గబగబా ఏదో చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"మా మనవరాలు సార్," అన్నాడు దుకాణం పెద్దాయన తెలుగులో. "ఈ పొద్దు సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడంట. ఏడాదికి రెండుసార్లే అట్లా వస్తాడని ఇస్కూల్లో చెప్పినారు."

"పాపకు తెలుగు రాదా?"

"తాతల కాలం నుంచి ఈడనే ఉండాము, ఇంట్లో తెలుగే. చెప్తే అర్థమవుతాది, బదులు మాత్రం అరవంలోనే. మా ఇంట్లో తెలుగు నాతోనే ఆఖరేమో," అన్నాడు దిగులుగా.

పాప మా మాటలు విన్నట్టుంది. లేచి వచ్చి తాత చెవిలో ఏదో అడిగింది.

"నీడ," అన్నాడాయన.

గ్లాసు నీడ సన్నబడి సన్నబడి, చూస్తుండగానే మాయమైంది. పాప నా చెయ్యి పట్టి లాగింది.

"అంకుల్, సూడండి! నీడ ఈడ లేదు, ఆడ లేదు!"

నేను వంగి చూశాను. పెద్దాయన గ్లాసు వైపు చూడనే లేదు.

"మళ్ళా చెప్పు కన్నా," అన్నాడు.

పాప ఈసారి వీధంతా వినబడేలా అరిచింది.