చెల్లె కుడి చెయ్యి, ఎడమ చెయ్యి

మొన్న బోధన్ పోతుంటే రుద్రూర్ దాటాక బస్సు ఆగింది, కిటికీలోంచి చెరుకు రసం కాగుతున్న వాసన వచ్చింది. ఎవరో ఒక్కరే ఇంకా బెల్లం వండుతున్నట్టున్నారు. మొదట పచ్చగడ్డి వాసన, తర్వాత మడ్డి తీసేటప్పటి పులుపు, చివరికి పాకం ముదిరే ముందరి తీపి, అన్నీ వరసగా తెలిశాయి. ఎవరికైనా ఆ వాసనకు నోరూరుతుంది. నాకు మాత్రం రెండు బొటనవేళ్లూ ఎవరి మణికట్టునో వెతుక్కుంటాయి.

మాది మోస్రా దగ్గర పల్లె. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. చెల్లె సరోజ నాకన్నా రెండేళ్లు చిన్నది, నోరు మాత్రం నాకన్నా పదేళ్లు పెద్దది. బస్సెక్కితే దిగేలోపు పక్కావిడ పుట్టింటి సంగతులన్నీ రాబట్టేది. కానీ ఆటలో నిలిచేది కాదు. చేతులు అడ్డంగా పట్టుకుని గిరగిరా తిరిగే ఒప్పులకుప్పలో రెండు చుట్లకే ముఖం పాలిపోయి కూలబడేది. అవ్వ దాన్ని బద్ధకం అనేది. నేనూ అదే అన్నాను, పైగా వెక్కిరించాను.

నాకు పదమూడేళ్లున్నప్పుడు సద్దుల బతుకమ్మనాడు, తంగేడు పూలూ గునుగు పూలూ పేర్చిన బతుకమ్మల చుట్టూ ఆడుతుంటే, చప్పట్ల మధ్యలో సరోజ చప్పుడు లేకుండా పడిపోయింది. నీళ్లు చల్లితే కళ్లు తెరిచి, ముందుగా అడిగింది ప్రసాదం మలీద ముద్దలు మిగిలాయా అని. అందరూ నవ్వారు. బాపు నవ్వలేదు. ఆయన చెల్లెలు ఒకామె పదిహేనేళ్లకే చేనుగట్టు మీద ఇలాగే పడిపోయి మళ్లీ లేవలేదని ఆ రాత్రే మాకు తెలిసింది.

ఊళ్లో సూదిమందు వేసే ఆయన బీపీ చూసి, పిల్లకు బాగా ఎక్కువుంది, ఉప్పు బందు చేయమన్నాడు. వారం తిరక్కుండా బోధన్‌లో ఒక డాక్టరు చూసి, ఏమీ లేదు, మంచిగా తినిపించమన్నాడు. ఇంట్లో రెండు పార్టీలైనాయి. అవ్వ ఉప్పు లేని పప్పు వేరే గిన్నెలో వండేది, బాపు దాంట్లో చాటుగా ఉప్పు వేసేవాడు. ఏమీ లేదన్న మాటను నమ్మాలని ఎవరికుండదు?

చలికాలం వచ్చింది, ఊళ్లో చెరుకు గానుగ ఆడింది. ఆటలు వద్దన్నారు కనుక మేమిద్దరం పొయ్యి వెచ్చదనానికి దగ్గరగా కూర్చుని, పెనంలో రసం ఎర్రబడేదాకా, తిరగకుండానే ఒప్పులకుప్ప ఆడేవాళ్లం, ఊరికే చేతులు పట్టుకుని. అప్పుడు తెలిసింది, దాని కుడి మణికట్టు నా వేలిని గట్టిగా తన్నుతోంది, ఎడమది మెల్లగా తడుతోంది. నా వేళ్లలోనే తేడా ఉందేమోనని చేతులు మార్చి పట్టాను. అదే కుడి, అదే జోరు. ఇక ఆగలేదు, గానుగ దగ్గరున్న ప్రతి మనిషి చేతులూ పట్టుకుని చూశాను.

"ఏందే, ఎప్పుడు నేర్చినవే గీ వైద్యం?" అంది అవ్వ, పిప్పి అంటిన చేతులు విదిలించుకుంటూ.

అందరివీ రెండు చేతులూ ఒకటే. చెల్లెవి తప్ప. అప్పుడే గుర్తొచ్చింది, ఊళ్లో బల్ల గోడకు ఆని ఉండడంతో కుడి చేతికి బీపీ పట్టీ కట్టారు, బోధన్‌లో ఎడమ చేతికి.

క్రిస్మస్‌కు మా పక్కింటి రూతమ్మ వచ్చింది. నిజామాబాద్ దవాఖానలో నర్సు. కేకు ముక్కలతో పాటు బీపీ మిషను కూడా తెచ్చి, ముసలివాళ్లందరికీ చూసేది. నేను వెళ్లి చెప్పేశాను.

"సిస్టరమ్మా, గాయిన కుడి చెయ్యి సూసిండు, గీయిన ఎడమ చెయ్యి సూసిండు. ఇద్దరూ అబద్ధం చెప్పలే."

రూతమ్మ నవ్వుతూనే రెండు చేతులకూ కట్టి చూసింది. మళ్లీ చూసింది. మూడోసారికి నవ్వు లేదు. సరోజ గొంతు కింది గుంటలో వేలు పెట్టి, నా వేలినీ అక్కడ పెట్టించింది. లోపల పిల్లి గురగురలాడినట్టుంది.

"అన్నా, రేపే తోల్కపోదాం. గుండెల ఏదో అడ్డమున్నది," అంది బాపుతో. బాపు కట్టెల మోపు మీద కూర్చుండిపోయాడు.

హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. గుండె నుంచి ఒళ్లంతటికీ నెత్తురు తీసుకుపోయే పెద్ద నాళం, కవాటానికి కాస్త పైన, పుట్టుకతోనే సన్నగా ఉందట. ఆ ఇరుకులోంచి నెత్తురు చిమ్ముకుంటూ వచ్చి కుడి చేతికి పోయే దారివైపే ఎక్కువ తోసుకుపోతుందట. ఆపరేషన్ చేసి వెడల్పు చేయకపోతే ఏనాడైనా పరుగులో ప్రాణం పోవచ్చన్నాడు. బాపు బొమ్మను చాలాసేపు చూసి, "కాల్వ తూము గంతే సారూ, ఇరుకైతే నీళ్లు ఒక ఒడ్డుకే కొడ్తయ్," అన్నాడు. ఇంటిపేరు వెంట వచ్చే జబ్బు కావచ్చని నన్నూ పరీక్ష చేశారు. నావి రెండూ సమానం. సిగ్గులేకుండా చెబుతున్నాను, కొంచెం నిరాశ పడ్డాను.

ఆపరేషన్ రోజు మాత్రం ఆ ఉబలాటమంతా పోయింది. నేను వెక్కిరించిన ప్రతిసారీ అది చచ్చిపోయి ఉండొచ్చని తలుచుకుంటూ వరండాలో కూర్చున్నాను. మూడు రోజులకు లోపలికి పంపితే, మాట్లాడక ముందే దాని రెండు చేతులూ పట్టుకున్నాను. కుడి, ఎడమ, రెండూ ఒకటే. నేను కనిపెట్టింది ఇక లేదు. అంత ఏడుపు నేను మళ్లీ ఏడవలేదు.

ఇప్పుడు ఊళ్లో గానుగ లేదు, పెనం పాత ఇనుముకు పోయింది, బాపు పోయాడు. సరోజ బోధన్‌లో కాపురం ఉంటోంది, ఏడాదికోసారి డాక్టరుకు చూపించుకుంటుంది. మొన్న గుమ్మంలోనే అలవాటుగా రెండు చేతులూ అడ్డంగా చాపింది.

"సూడక్కా, ఏది ఎక్కువ?"

"రెండూ ఒక్క తీర్గనే ఉన్నయే."

చేతులు వదలకుండా నన్ను వాకిట్లోకి లాగింది. నలభై దాటినవాళ్లం, గిర్రున తిరిగాం. రెండు చుట్లు, మూడు, నాలుగు. దాని కోడలు వంటింట్లోంచి తొంగి చూసింది. ఆయాసపడి ముందు కూలబడింది నేనే.