నీళ్లు లేని ఊళ్లో పడవ తనిఖీ

నేను పదవీ విరమణ చేయబోయే ఏడాది, శివరాత్రి వెళ్లిన వారంలో, మా ఆఫీసు నన్ను పావగడ తాలూకా నాగలమడికకు పంపింది. నాది మెరైన్ సర్వేయరు ఉద్యోగం. పడవలను పరీక్షించి, సముద్రానికి పనికొస్తాయో లేదో బీమా కంపెనీకి రాసివ్వడం నా పని. ఉత్తరువు చూసి ఊరి పేరు తప్పు పడిందనుకున్నాను. నేను పుట్టి పెరిగింది పావగడ బజారులో, మా నాన్న కిరాణా కొట్టు వెనకాల. ఆ తాలూకాలో పడవ తేలేంత నీళ్లు నేనెన్నడూ చూసిన పాపాన పోలేదు.

పేరు తప్పు కాదు. ఎండిన ఉత్తర పినాకిని ఇసుక పక్కనే, రేకుల షెడ్డులో నిజంగానే ఒక క్యాటమరాన్ ఉంది. రెండు సన్నటి పడవలు పక్కపక్కన, వాటిని కలిపే అడ్డదూలాలు, గోడవారన తెరచాప స్తంభం. కట్టినవాడు తిప్పేస్వామి. వయసులో ఓడల్లో ఫిట్టరుగా తిరిగి, తర్వాత సోలార్ పార్కులో ప్యానెళ్ల కింద ఇనుప చట్రాలు బిగించాడు. విడిభాగాలను లారీల మీద మంగళూరు చేర్చి, అక్కడ బిగించి, వానలు పడేలోగా భార్యతో గోవా దాకా వెళ్లిరావాలని అతని ఆశ. లారీలు మాట్లాడేశాడు కూడా.

భార్య అనసూయమ్మకు ఈత రాదు. నన్ను చూడగానే తన షరతు చెప్పేసింది. "మీరు బాగుండాదని రాసిస్తేనే నేనెక్కేది సార్. ఈయప్ప ఇంటికి పెట్టిన తలుపే ఇంతవరకూ సరిగ్గా పడల్యా."

ఒడ్డున ఉన్న పడవను చూసేందుకు మాకొక పద్ధతి ఉంది. చెక్క సుత్తితో ఒళ్లంతా కొట్టి వినాలి. గట్టి చోట ఖణేల్మంటుంది, లోపల ప్లైవుడ్డు పొర విడిపోతే డొల్ల చప్పుడు వస్తుంది. గొర్రెలు తోలుకొచ్చినవాళ్లు కంచె దగ్గర నిలబడి, "కళింగర కాయ కొనేదానికి వచ్చినాడేమప్పా" అని నవ్వారు. నిజానికి పుచ్చకాయ పరీక్షకూ దీనికీ పెద్ద తేడా లేదు. పడవ ఖణేల్మంది. చెమ్మ కొలిచే మీటరయితే ఆ పొడి గాలికి ముల్లు కదపనే లేదు.

పడవ లోపలి చిన్న వంటగదిలో రుబ్బురోలు కనిపించింది. క్యాటమరాన్‌కు వెడల్పే నిలకడ, అదనపు బరువు దానికి బద్ధశత్రువు. దింపేయమన్నాను. ఆ పూటంతా అనసూయమ్మ నాతో మాట్లాడలేదు.

మిగిలింది నీటి పరీక్ష. పడవ లోపలి భాగాన్ని అడ్డుగోడలతో గదులుగా విడగొడతారు. ఒక్కో గదిలో మోకాలెత్తు నీళ్లు నింపి, బయట ఎక్కడైనా ఊరుతుందేమో చూడాలి. ట్యాంకరు తెప్పించమనగానే అనసూయమ్మకు మాట తిరిగొచ్చింది.

"ఏంది సార్ ఇది? మనుషులకే నీళ్లు లేకుంటే, పడవకు పోసి నేలపాలు చేస్తారా?"

ఆమె మాటలో న్యాయం ఉంది. ఒక గదిలో పోసిన నీళ్లనే మోటారుతో తర్వాతి గదికి తోడాలని, చివరికి గొర్రెల తొట్టిలోకి వదలాలని ఒప్పందం చేసుకున్నాం.

సాయంత్రానికి చివరి గది, ఎడమ పడవ వెనక భాగం, ఒక్కటే మిగిలింది. కింద పడుకుని చూశాను, చేత్తో తడిమాను. అంతా పొడి. 'లీకు లేదు' అని రాయడానికి కలం తీశాను. తిప్పేస్వామి అప్పుడే లారీవాళ్లకు ఫోను కలుపుతున్నాడు.

"ఆడ కూర్చోకండి సార్, తేనెటీగలు ముసురుతుండాయి, కుట్టేను" అంది అనసూయమ్మ.

చుక్కాని బిగించిన బోల్టు చుట్టూ తేనెటీగలు వాలుతున్నాయి. పువ్వు లేదు, బెల్లం లేదు. మరి అక్కడేం పని వాటికి? వాటిని తోలి, పల్చటి కాగితం అదిమిపెట్టి చూస్తే చిన్న తడి మరక. లోపలినుంచి నీరు సన్నగా ఊరుతోంది, మా కళ్లబడేలోపే ఆ వడగాలి దాన్ని తాగేస్తోంది. బోల్టు చుట్టూ పూసిన జిగురు ఎండకు పగిలిపోయింది. సముద్రంలో అయితే ఆ గది నిండిపోయేది.

తిప్పేస్వామి ముఖం మాడిపోయింది. లారీలను వాయిదా వేయించాను. అతను బోల్టులన్నీ ఊడదీసి, కొత్త జిగురు పెట్టి బిగించాడు. అది గట్టిపడ్డాక మళ్లీ నీళ్లు నింపాం. ముగ్గురం కూర్చుని తేనెటీగల కోసం ఎదురుచూశాం. అవి గొర్రెల తొట్టి మీద వాలాయి గానీ పడవ వైపు రాలేదు. 'బాగుంది' అని రాసి సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో అంత సంతోషంగా పెట్టిన సంతకం మరొకటి లేదు.

వానలకు ముందే, గోవా దగ్గర్నుంచి అనసూయమ్మ ఫోను చేసింది.

"లోపల పొడిగా ఉండాది సార్. రుబ్బురోలూ ఉండాది."

పదవీ విరమణ దాకా కొత్త సర్వేయర్లకు నేను చెప్పింది ఒకటే: ఎండ ప్రాంతంలో నీటి పరీక్ష చేస్తే తడి కోసం వెతక్కండి, తడి కోసం వచ్చినవాటిని వెతకండి. ఇంకొకటి, బయలుదేరే రోజు వంటగది మళ్లీ తనిఖీ చేయండి.