బూట్లు విప్పని పెద్దాయన

ఇంటర్‌లో నాది ఎంపీసీ. పదో తరగతి తర్వాత జీవశాస్త్రం ముఖం చూసినవాణ్ణి కాదు. అయినా నలభై దాటాక, అమెరికాలో బెంటన్‌విల్ అనే ఊళ్లో ఏళ్ల తరబడి చేసిన సాఫ్ట్‌వేర్ టెస్టర్ పని వదిలి నర్సింగ్ చదువులో చేరాను. వేరే డిగ్రీలు, వేరే ఉద్యోగాలు చేసి వచ్చినవాళ్ల కోసమే పెట్టిన మాస్టర్స్ కోర్సు అది. ఏళ్లు పట్టే చదువును ఏడాదిన్నరలోపుకి కుదించి చెబుతారు. దానికో షరతు ఉంది. శిక్షణలో చాలా భాగం, పెద్దాసుపత్రి ఆమడ దూరాన ఉండే కొండ పల్లెల్లో చేయాలి.

దీనికంతటికీ మూలం మా ఊరి లైబ్రరీ. శనివారాలు మా అమ్మాయిని అక్కడ పిల్లలకి కథలు చదివి వినిపించే గదిలో వదిలి, ఊరికే కూర్చోలేక పక్క అరలోంచి శరీర నిర్మాణం పుస్తకం ఒకటి తీశాను. మోకాలిచిప్ప ఏ ఎముకకీ నేరుగా అతుక్కుని ఉండదట. అక్కడే కాలు చాపి, చిప్పని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూసుకున్నాను. నిజమే, కదిలింది. ఎదుట కూర్చున్న ముసలావిడ తన పుస్తకం దించి నన్నే చూసింది. తర్వాత గుండె పుస్తకం, మూత్రపిండాల పుస్తకం, నరాల పుస్తకం. కోర్సులో చేరేనాటికి ఆ అరలో నా చేతికి రాని పుస్తకం లేదు. ఆ సంగతి ఇప్పటికీ గర్వంగానే చెబుతాను.

ఇంట్లో మాత్రం గౌరవం దక్కలేదు. మా ఆవిడ బైపీసీ చదివి, మెడిసిన్ సీటు రాక కంప్యూటర్ల వైపు వచ్చింది.

"రికార్డ్ బుక్‌లో కప్ప బొమ్మ కూడా వేయనోడివి. నువ్వు మనుషులకి ఇంజెక్షన్ చేస్తావా?" అంది.

"బొమ్మ నువ్వు వేసిపెట్టు, ఇంజెక్షన్ నేను చేస్తా."

"నాకు మాత్రం చేయకు."

తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ విందులో ఒకసారి, పాత టీంలోని మిత్రుడు పులిహోర ప్లేటు పట్టుకుని దగ్గరకొచ్చాడు. "బ్రో, అక్కడ డైరెక్ట్‌గా ప్రొడక్షన్‌లోనే టెస్టింగ్ కదా. రోల్‌బ్యాక్ కూడా ఉండదు. కొంచెం చూసుకుని చెయ్" అన్నాడు. వాడకంలో ఉన్న సిస్టమ్ మీదే పరీక్ష, తప్పు చేస్తే వెనక్కి తిప్పుకునే వీలుండదు అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ మాట చాలాకాలం నాతోనే ఉండిపోయింది.

కొండల్లో నాకు శిక్షణ ఇచ్చిన నర్సు ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన మనిషి. ఇళ్లకి వెళ్లి రోగులను చూడటం ఆమె పని. ఒక చలికాలపు ఉదయం, మట్టిరోడ్డు మీద కారు నడుపుతూ, మేం చూడబోయే పెద్దాయన గురించి చెప్పింది. (వాళ్లు మాట్లాడింది ఇంగ్లీషే. నాకు గుర్తున్నట్టు తెలుగులో రాస్తున్నాను.)

"ఆవులు మేపుకుంటూ ఒక్కడే ఉంటాడు. చాలాకాలంగా షుగరు. పోయినసారి గదిలో ఒక వాసన వచ్చింది. బూటు లోపల పుండు ఉందని నా అనుమానం. ఎవరడిగినా విప్పడు. ఇంకా ఆలస్యం చేస్తే పాదం తీసేయాల్సి వస్తుంది."

"బలవంతంగా విప్పించలేమా?"

"ఆయన ఇల్లు, ఆయన కాలు. మనం అడగగలం, అంతే. ఇంకోమాట. ఎవరింట్లోనూ నీ బూట్లు విప్పకు. కింద సూదులు పడి ఉంటాయి, కుక్కలుంటాయి. పైన కవర్లు తొడుక్కో."

కవర్లు నా జేబులోనే ఉన్నాయి. దారిపొడుగునా నరాల పుస్తకం నెమరు వేసుకున్నాను. షుగరు సాధారణంగా పొడవైన నరాలను ముందు దెబ్బతీస్తుంది. అందుకే స్పర్శ కాలివేళ్ల దగ్గర మొదట పోతుంది. పుస్తకంలో చదివిన ఆ పాదం ఎలా ఉంటుందో చూడాలని ఒకటే ఆత్రం.

తలుపు తెరుచుకుంది. గుమ్మం అవతల లేత గోధుమరంగు తివాచీ. తర్వాత జరిగింది నా బుర్ర చేసిన పని కాదు. చెయ్యి తలుపుచెక్కని పట్టుకుంది, ఒక మడమ ఇంకో మడమని నొక్కింది. క్షణంలో నేను సాక్సులతో తివాచీ మీద ఉన్నాను. ఎడమ సాక్సు చిరుగులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది. నర్సు నావైపు చూసిన చూపు రాయడం కష్టం.

పెద్దాయన మాత్రం ఆ బొటనవేలి వంకే చూశాడు. "నిన్ను ఎవరు విప్పమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు సర్. అలవాటు. మావాళ్ల ఇళ్లలో చెప్పులతో లోపలికి రారు."

"ఎవరూ?"

"ఎవరూ."

"నేనొస్తే?"

"మీరైనా విప్పాల్సిందే."

"విప్పనంటే?"

"మా ఆవిడ కాఫీ గుమ్మం బయటికే తెచ్చిస్తుంది."

ఆయన గొంతులోంచి చిన్న నవ్వు వచ్చింది. కుర్చీలో కూలబడి, మట్టి కొట్టుకుపోయిన తన బూట్ల వైపు చాలాసేపు చూశాడు. "ఈ తివాచీ మా ఆవిడ వేయించింది. దీని మీద బూట్లతో నడిస్తే ఊరుకునేది కాదు. ఇప్పుడు అనేవాళ్లు లేరు" అన్నాడు. కాళ్లు ముందుకు చాపి, "వంగలేను. నువ్వే లాగు" అన్నాడు.

నర్సు తల ఊపింది. నేను చేతి తొడుగులు వేసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. కుడి బూటు తేలికగా వచ్చింది. ఎడమది వచ్చేసరికి వాసన గది నిండిపోయింది. సాక్సు చిటికెనవేలి దగ్గర చర్మానికి అంటుకుపోయి ఉంది. దాన్ని నర్సు తడిపి నెమ్మదిగా విడదీసింది. కింద పుండు, చుట్టూ ఎర్రటి వాపు.

బూటు లోపల చేత్తో తడిమి చూడాలని పుస్తకంలో చదివాను. జాగ్రత్తగా వేలు పెట్టి తడిమాను. అడుగున గట్టిగా ఏదో తగిలింది. కంచె తీగను గుంజకి కొట్టే మేకు, బూటు అడుగు అట్టలోంచి లోపలికి మొన తేలి ఉంది.

దాన్ని చూపిస్తే పెద్దాయన ముఖంలో మొదటిసారి భయం కనిపించింది. "దీనిమీద నడుస్తున్నానా? నొప్పే లేదే."

ఎందుకు లేదో నాకు తెలుసు. కారులో కూర్చున్నప్పుడు ఎంతో ఉత్సాహంగా నెమరేసుకున్నాను కూడా. ఆ క్షణాన మాత్రం బూటును, మేకు ఆయనకి కనబడకుండా, పక్కకి తిప్పి పెట్టాను. నర్సే ఆయన చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది. ఆ పూటే మా కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాం.

తిరుగుదారిలో ఆమె అంది: "నియమం తప్పావు. మార్కు తీసేస్తాను."

"సరే."

"మళ్లీ విప్పకు."

"విప్పను."

కొంతదూరం పోయాక, "ఆ సాక్సు కూడా మార్చు" అంది.

పెద్దాయనకి చిటికెనవేలు పోయింది. పాదం దక్కింది. వసంతంలో మళ్లీ వెళ్లేసరికి బూట్లు వరండాలో జతగా పెట్టి ఉన్నాయి. ఆయన లోపల మెత్తటి చెప్పులతో ఉన్నాడు. నా కాళ్లకున్న కవర్లు చూసి, "ఇదేంటి, నాకో రూలు నీకో రూలా?" అన్నాడు.

స్పర్శ పరీక్ష చేశాను. గట్టి దారం లాంటి నైలాన్ పోగుతో పాదం మీద అక్కడక్కడ తాకుతాం. రోగి కళ్లు మూసుకుని, తెలిసినప్పుడల్లా చెప్పాలి. ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఇప్పుడు" అన్నాడు. నేనింకా ముట్టుకోలేదు. "ఇప్పుడు" అన్నాడు మళ్లీ.

"సర్, ఇది పాస్ అవ్వాల్సిన పరీక్ష కాదు."

"ఏ పరీక్షైనా పాస్ అవడానికే."

బొటనవేలి కింద తాకాను. మౌనం. మధ్యవేలి కింద తాకాను. మౌనం. ఆయన కనుబొమలు దగ్గరయ్యాయి, అవతలి గదిలో మాటలు వినడానికి ప్రయత్నిస్తున్న మనిషిలా. మడమకి కాస్త పైన, పక్కగా తాకాను.

"అక్కడ" అన్నాడు, ఈసారి చాలా నెమ్మదిగా.