వెతక్కుండా లేవన్నవాళ్లూ, మా మేడమూ

మా ఎకనామిక్స్ మేడం పోయారని సోమవారం నరసరావుపేట నుంచి కబురొచ్చింది. మర్నాడు పేపర్లో ఒక ప్రొఫెసరు ఆవిడను మృదుస్వభావి అన్నాడు. శిష్యురాలిగా మొదలై ఆవిడ పక్కనే పాఠాలు చెప్పిన నాకు నవ్వొచ్చింది. పనికిమాలిన పాండిత్యమంటే మేడంకు ఒళ్లుమంట. దాన్ని దాచుకునేవారూ కాదు.

కొత్తగా మండలాలొచ్చిన ఏడాది, బొల్లాపల్లి వైపు ఊళ్ల మంచినీళ్ల గురించి మీటింగు పెట్టారు. అక్కడి బోరునీళ్లలో ఫ్లోరైడు. నడివయసుకే మోకాళ్లు వంగిపోతాయి. ఈ ప్రొఫెసరే లేచి, దీనిమీద పరిశోధనలేవీ లేవనీ, ముందు సర్వే జరగాలనీ, దానికి తానే పెద్దగా ఉంటాననీ సెలవిచ్చాడు. అధికారులు తలలూపారు. సర్వే తేలేదాకా జనం అవే నీళ్లు తాగాలన్నమాట.

మేడం నన్ను వెంటబెట్టుకుని యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లారు. పరిశోధనా వ్యాసాల సారాంశాలు అచ్చువేసిన లావుపాటి సంపుటాలు అక్కడ గోడ పొడవునా ఉండేవి. తాగునీళ్లన్న శీర్షిక కింద ఏమీ దొరకలేదని చెప్పాను.

"ఆ పెద్దమనిషి ఇక్కడిదాకా కూడా వచ్చుండడు," అన్నారు. "ఎముకల కింద చూడు, పళ్ల కింద చూడు. రోగానికి ఒక్క పేరే ఉంటదా ఏంది?"

ఎముకల కింద ఒక వ్యాసం దొరికింది. బావుల కొలతలు, వంగిన కాళ్ల లెక్కలు, అన్నీ పట్టికలే. దూరపు చెరువునీళ్లు తెచ్చుకుంటే చాలని తేల్చింది. సోషియాలజీ సంపుటంలో ఇంకొకటి దొరికింది. అందులో ఆడవాళ్ల మాటలు. అంతదూరం బిందె మోసే మోకాళ్లుంటే ఈ రోగమే లేదు కదమ్మా అని వాళ్లన్నారు.

తర్వాతి మీటింగులో మేడం రెండూ ముందుపెట్టి, వీధిలోకి పైపు వేయమన్నారు. ప్రొఫెసరు రెండోదాన్ని వేలితో పక్కకు నెట్టి, ఇవి ముచ్చట్లు, పరిశోధన కాదన్నాడు.

"అవునండీ, ముచ్చట్లే. వెతక్కుండా లేవన్నారే, అది చానా గొప్ప పరిశోధన."

సర్వే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. రెండేళ్లకు కొన్ని ఊళ్లకు పైపులొచ్చాయి. ప్రారంభం రోజు వేదికమీద ప్రొఫెసరే కూర్చున్నాడు. మేడం క్లాసుందని వెళ్లలేదు. ఏదైనా లేదని చెప్పేముందు ఇవాళ నా నోరు ఆగుతుందంటే ఆవిడ చలవే.

ఆవిడ పోయిన రోజు పెద్దలు కార్లలో వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచి చూసి వెళ్లారు. మధ్యాహ్నం బస్సుకు బొల్లాపల్లి వైపు నుంచి ఒక ముసలామె వచ్చింది. నడుమూ మెడా బిగుసుకుపోయి ముఖం నేలవైపే ఉంది. ఎదుటివాళ్ల పాదాలు తప్ప ఆమెకు ఏమీ కనపడవు. మేడంను చాపమీద పడుకోబెట్టి ఉన్నారు. ముసలామె దగ్గరికొచ్చి, మేడం ముఖంలోకి నేరుగా చూస్తూ చాలాసేపు అలాగే నిలబడింది.